అపనిందను భరించిన సేనాని: బార్క్లే డి టోలీ

యుద్ధచరిత్రలు వ్రాయువారికి విజయముపై నెంత మక్కువయో వెనుకంజపై నంత విముఖత. కోటను పట్టినవాని పేరును, శత్రువ్యూహమును భేదించినవాని పేరును శిలాశాసనముల కెక్కును. తలపడుటకు తగిన సమయ మింకను రాలేదని గ్రహించి, తన సైన్యమును చెక్కుచెదరనీయక వెనుకకు నడిపించి, ఆ నడకలో దేశమంతయు తన్ను పిఱికివాడనియు ద్రోహియనియు దూషించుచుండగా నోరు మెదపక సహించి, తుదకు ఆ దేశమునే నిలబెట్టినవాని పేరు మాత్రము చిరకాలము మఱుగుననే యుండిపోవును. 1812వ సంవత్సరమున నెపోలియన్ చక్రవర్తి రష్యాపై దండెత్తి వచ్చినప్పుడు రష్యా ప్రథమ పశ్చిమసేనకు అధిపతియై, యుద్ధశాఖామాత్యుడును అయియుండిన మిఖాయిల్ బొగ్డానొవిచ్ బార్క్లే డి టోలీ అట్టి సేనాని. అతని జీవితమును పరిశీలించినచో, రణరంగమున ప్రాణములకు తెగించుట కంటె, తన కీర్తిని తానే చేతులార పణముగ నొడ్డుట యెంత కష్టతరమో బోధపడును.

బార్క్లే వంశము మూలమున స్కాట్లండు దేశమునకు చెందినది. ఆ వంశపు శాఖ యొకటి బాల్టిక్ సముద్రతీరమునకు వలసవచ్చి రీగా నగరమున స్థిరపడి గౌరవము గడించెను. మన సేనాని పితామహుడు ఆ నగరమునకు అధ్యక్షుడుగ నుండెను; తండ్రి రష్యా సైన్యమున చిన్న యుద్యోగము చేసి విరమించిన సామాన్యుడు. 1761 ప్రాంతమున జన్మించిన మిఖాయిల్ పసితనముననే తలిదండ్రులను విడిచి, రాజధానియైన సెంట్ పీటర్స్‌బర్గులో తల్లి తోబుట్టువు నింట పెరిగెను. ఆ యింట మాటలాడు భాష జర్మను. అనుసరించు మతము లూథరు ప్రవర్తించిన క్రైస్తవశాఖ. రాజాస్థానమున పలుకుబడిగల బంధువులు లేరు. ఆనాటి రష్యాలో కులీనుని యంతస్తు అతని భూమిని దున్ను దాసకర్షకుల సంఖ్యనుబట్టి లెక్కింపబడుచుండెను. ఈతనికి పిత్రార్జితముగ సంక్రమించిన దాసకర్షకు డొక్కడును లేడు. కావున అతనికి కలిగిన ప్రతి పదోన్నతియు స్వార్జితమే యైయుండెను.

ఆ పదోన్నతి మిక్కిలి మందగతిని నడచెను. 1778లో అశ్వదళమున ప్రథమాధికారపదవి లభించినది మొదలు 1799లో మేజర్ జనరల్ పదవి లభించు వఱకు ఇరువదియొక సంవత్సరములు గడచెను. ప్రభుపుత్రులు పసివయసుననే పట్టికలకెక్కి, యౌవనముననే సేనాపతులై వెలుగుచున్న కాలమది. ఈ యిరువది యేండ్లలో అతడు తురుష్కులపై జరిగిన యుద్ధమున 1788లో ఒచాకోవ్ దుర్గముట్టడియందు పాల్గొనెను. 1790లో స్వీడనుపై పోరెను. 1794లో పోలండునందు పోరెను. ప్రతిచోటను అధికారులు అతనియందు గుర్తించినవి రెండే గుణములు: చెప్పిన పనిని చెప్పినట్లు నెఱవేర్చుట, ఎంతటి ప్రమాదమునందును ముఖమున కలవరము కనబడనీయకుండుట. పొడవైన బక్కపలుచని దేహము, విశాలమైన నుదురు, మితభాషిత్వము, నవ్వెఱుగని గాంభీర్యము అతనిని సైనికులకు గౌరవనీయునిగ చేసెనే కాని, ఆప్తునిగ చేయలేదు. జనరంజకత్వ మనునది పుట్టుకతో రావలసిన విద్య. ఆ విద్య అతనికి రాలేదు, నేర్చుకొనుటకు ప్రయత్నించినట్లును కానరాదు.

నెపోలియన్ సైన్యముతో అతడు తొలిసారి పెద్దయెత్తున తలపడినది 1806 డిసెంబరు 26వ తేదీన పోలండునందలి పుల్తుస్క్ యుద్ధమున. మఱుసటి ఫిబ్రవరిలో ప్రష్యాదేశమున ఐలావ్ పట్టణమువైపు ప్రధానసేన వెనుకకు జరుగుచుండగా, పృష్ఠరక్షకదళమును నడుపు భారము బార్క్లేపై పడెను. మంచు కప్పిన పొలములలో తనకంటె అనేకరెట్లు బలవత్తరమైన శత్రుసేనను అడుగడుగునను నిలువరించుచు, ప్రధానసేనకు వ్యవధి నిచ్చుచు వచ్చిన ఆ పోరాటమే, అయిదేండ్ల తరువాత అతడు ఒక మహాసైన్యముతో చేయబోవు కార్యమునకు పూర్వాభ్యాస మనవచ్చును. ఐలావ్ పట్టణవీథులలో జరిగిన సంకులసమరమున అతని కుడిచేతి యెముక తుపాకిగుండు తగిలి ముక్కలాయెను. ఆ చేయి జీవితాంతము పూర్వపటుత్వమును పొందలేదు. చికిత్సకై మేమెల్ పట్టణమున నున్నప్పుడు అలెగ్జాండర్ చక్రవర్తి స్వయముగ వచ్చి అతనిని పరామర్శించెను. అంతవఱకు అనామకుడుగ నుండిన అధికారిని చక్రవర్తి గుర్తించినది ఆ రోగశయ్యపైననే. నెపోలియన్ ఎప్పుడైనను రష్యాలో ప్రవేశించినచో అతనిని దేశాంతర్భాగమునకు దూరదూరముగ లాగుకొనిపోయి, ఆకలిచేతను శీతముచేతను క్షీణింపజేసి, అటుపిమ్మట ఎదుర్కొనవలెనని ఆ రోజులలోనే బార్క్లే తన ఆలోచనను చరిత్రకారుడైన నీబూర్‌తో ముచ్చటించెనని ప్రతీతి గలదు.

గాయము మాని మానకమునుపే అతనికి ఉత్తరదిశ నుండి పిలుపు వచ్చెను. 1808లో స్వీడనుతో మొదలైన యుద్ధము ఫిన్లాండునందు ఎడతెగక సాగుచుండెను. ఫిన్లాండు తీరమునకును స్వీడను తీరమునకును నడుమ బోత్నియా సింధుశాఖ వ్యాపించియున్నది. అందు మిక్కిలి యిఱుకైన భాగమునకు క్వార్కెన్ అని పేరు. శీతకాలమున ఆ జలమంతయు గడ్డకట్టును. గడ్డకట్టిన సముద్రముపై సైన్యమును నడిపించి శత్రుతీరమున దిగవలెనని చక్రవర్తి యాజ్ఞాపించెను. 1809 మార్చి నెలలో వాసా పట్టణప్రాంతమునుండి మూడువేలకు పైబడిన సైనికులతో, ఫిరంగులతో బార్క్లే ఆ తెల్లని యెడారిలో అడుగు పెట్టెను. అంతకు మునుపే వీచిన తుపాను మంచుపలకను బ్రద్దలుగొట్టి, గుట్టలుగుట్టలుగ పేర్చివేసినందున త్రోవ యనునది లేకుండెను. గుఱ్ఱముల గిట్టలు పదునైన మంచుటంచులపై కోసుకొనిపోయెను, ఫిరంగులు వెనుకబడెను, కట్టెలు లేక, నిప్పు లేక సైనికులు మంచుపైననే రాత్రి గడపిరి. ఏ క్షణమున గాలి దిశ మాఱి మంచు కరగునో, తిరుగుత్రోవ తెగిపోవునో ఎవ్వరును చెప్పజాలకుండిరి. అట్లు సముద్రమును దాటి అతడు ఉమెయో పట్టణమును స్వాధీనపఱచుకొనెను. చక్రవర్తికి పంపిన నివేదికలో అతడు తన ఘనత నెంతమాత్రమును చెప్పుకొనక, ఇట్టి కష్టములను రష్యన్ సైనికుడు మాత్రమే జయింపగలడని వ్రాసెను. ఆ వాక్యము వ్రాసినవానినే మూడేండ్ల పిమ్మట పరదేశి యని నిందించిరి.

ఈ సాహసమునకు ప్రతిఫలముగ అతనికి పదాతిసైన్యమున పూర్ణ జనరల్ పదవియు, ఫిన్లాండు పరిపాలకపదవియు లభించెను. తనకంటె ముందు వరుసలో నున్న అనేకులను దాటి అతడు పైకి పోయినందున, అప్పటినుండియే ఆస్థానమున అసూయ యను విత్తనము నాటుకొనెను. 1810 ఆరంభమున చక్రవర్తి అతనిని యుద్ధశాఖామాత్యునిగ నియమించెను. రెండున్నర సంవత్సరముల ఆ యమాత్యపదవి బార్క్లే జీవితమున మిక్కిలి ఫలవంతమైన ఘట్టము, మిక్కిలి తక్కువగ స్మరింపబడు ఘట్టము. నెపోలియన్‌తో సంధి కొనసాగుచున్నను, యుద్ధ మనివార్యమని అతడు గ్రహించి, పదవి చేపట్టిన కొలది వారములకే పశ్చిమసరిహద్దుల రక్షణ గూర్చి చక్రవర్తికి విజ్ఞాపనము సమర్పించెను. బొబ్రుయిస్క్, దినాబుర్గ్ మొదలగు చోట్ల దుర్గనిర్మాణము సాగించెను. సైన్యసంఖ్యను పెంచి, దళములను స్థిరమైన విభాగములుగ ఏర్పఱచి, ధాన్యాగారములను ఆయుధాగారములను సమకూర్చెను. రణరంగమునందలి మహాసైన్యమును నడుపుటలో సేనాధిపతి యధికార మెంతవఱకు, ప్రధాన కార్యదర్శి బాధ్యత యేమి, ఆహారసరఫరా యెవని భారము అను విషయములనెల్ల నిర్ణయించు బృహన్నిబంధనావళి 1812 ఆరంభమున అతని పర్యవేక్షణముననే వెలువడెను.

అతని దృష్టి కాగితములతోనే ఆగలేదు. సైనికులలో రోగములును మరణములును పెచ్చుపెరుగుటకు కారణము అధికారుల క్రూరదండనలు, మితిమీఱిన కవాతులు, చాలీచాలని తిండియే యని గుర్తించి, అట్టి ప్రవర్తనము ఇక సాగరాదని అతడు సేనాపతులకు ఉత్తరువులు పంపెను. కొరడాయే క్రమశిక్షణకు మూలమని నమ్ముచున్న ఆ కాలమున ఒక యుద్ధశాఖామాత్యుడు అట్లు వ్రాయుట సామాన్యవిషయము కాదు. పరదేశములలోని రష్యా రాయబారకార్యాలయములయందు సైనికాధికారులను నియమించి, గూఢచారవృత్తాంతములను క్రమముగ సేకరించు విభాగమును రష్యాలో మొదటిసారి నెలకొల్పినవాడును అతడే. పారిస్ నగరమున నుండిన చెర్నిషేవ్ అను యువకుడు ఫ్రెంచి యుద్ధశాఖలోని ఒక గుమాస్తాను లోబఱచుకొని, నెపోలియన్ సేనల సంఖ్యాపట్టికలను సంపాదించి పంపుచుండెను. తన శత్రువు ఎంత బలముతో రానున్నాడో బార్క్లేకు ముందుగనే తెలిసియుండెననుటకు ఇది సాక్ష్యము. తరువాత అతడు వెనుకంజ వేసినది భీతిచేత కాక గణితముచేత నని చెప్పుటకును ఇదియే యాధారము.

1812 జూన్ 24వ తేదీన నెపోలియన్ సేనలు కోవ్నో సమీపమున నీమెన్ నదిని దాటెను. (ఆనాటి రష్యా పంచాంగము నేటి లెక్కకు పండ్రెండు దినములు వెనుకబడియుండెను, ఇచ్చట నేటి లెక్కనే గ్రహించితిని.) మొదటి విడతగ వచ్చినవారే సుమారు 4,50,000 మంది. ఫ్రెంచివారు, పోలండువారు, ఇటలీవారు, జర్మను సంస్థానములవారు చేరి యూరపు ఖండమంతయు ఒక్క పతాకము క్రింద నడచివచ్చుచున్నట్లుండెను. ఎదుట బార్క్లే చేతిలోనున్న ప్రథమసేన సుమారు 1,20,000; దక్షిణమున బాగ్రేషన్ రాజకుమారుని ద్వితీయసేన 50,000 లోపు; ఇంకను దక్షిణముగ తోర్మసోవ్ నడపు తృతీయసేన. ఈ మూటి నడుమ విశాలమైన యెడములు గలవు. వానిలో చొరబడి ఒక్కొక్క సేనను వేఱువేఱుగ చుట్టుముట్టి, సరిహద్దునందే ఒక మహాయుద్ధమున అన్నిటిని నిర్మూలింపవలెననుట నెపోలియన్ సంకల్పము. ఇరువది రోజులలో ముగియవలసిన యుద్ధమని అతని సేనాపతులు తలచిరి. అట్టి యుద్ధము నతనికి దక్కనీయకుండుటయే రష్యాకు రక్ష యని బార్క్లే నిశ్చయించుకొనెను.

ఆ నిశ్చయమును అమలుపఱచుట సులభము కాకుండెను. చక్రవర్తి సలహాదారుడైన ఫూల్ అను జర్మను పండితుడు, ద్వీనా నదీతీరమున ద్రిస్సా అనుచోట గొప్ప కందకశిబిరమును నిర్మించి అందే శత్రువుకొఱకు వేచియుండవలెనని పథకము రచించియుండెను. సేన అచ్చటికి చేరినంతనే, అది రక్షాస్థానము కాదనియు, నదిని వెనుక నుంచుకొని సైన్యమంతయు చిక్కుకొను బోనుగ పరిణమించుననియు బార్క్లేతోపాటు పలువురు గుర్తించిరి. ద్రిస్సాను విడిచి సేన తూర్పునకు సాగెను. జూలై మధ్యమున చక్రవర్తి సైన్యమును విడిచి వెళ్లుచు, తనకు వేఱొక సైన్యము లేదు కావున దీనిని కాపాడుమని బార్క్లేను కోరెను. ఆ కోరికను బార్క్లే అక్షరశః శిరసావహించెను. తరువాత నడచిన కథయంతయు దాని ఫలమే.

వితెబ్‌స్క్ నగరమునొద్ద అతడు బాగ్రేషన్ రాకకై నిరీక్షించుచు యుద్ధమునకు సిద్ధపడెను. నెపోలియన్ ఎంతయో సంతోషించి, మఱునాడు తాను కోరిన మహాసంగ్రామము జరుగునని నమ్మెను. ఆ రాత్రియే, బాగ్రేషన్‌కు మొగిలేవ్ మార్గము మూసుకొనిపోయెననియు, అతడు స్మొలెన్‌స్క్ వైపు చుట్టుదారిని వచ్చుచున్నాడనియు వార్త వచ్చెను. తక్షణమే బార్క్లే తన శిబిరమున మంటలను ఆర్పక మండనిచ్చి, లక్షమందికి సమీపించు సైన్యమును చీకటిలో నిశ్శబ్దముగ కదిలించుకొనిపోయెను. తెల్లవాఱునప్పటికి ఫ్రెంచివారికి శూన్యమైన మైదానము కనబడెను. త్రోవలో ఒక బండి గాని, ఒక ఫిరంగి గాని, వెనుకబడిన సైనికుడు గాని దాదాపుగ దొరకకుండుట చూచి వారు విస్మయము నొందిరి. మఱియొక వైపు నెపోలియన్ సేన, యుద్ధము లేకుండగనే కరగిపోసాగెను. నీమెన్ దాటిన కొన్ని దినములకే కుండపోత వానలు కురిసి, పచ్చి పైరును మేసిన గుఱ్ఱములు వేలకొలది చచ్చెను. రొట్టెబండ్లు బురదలో దిగబడెను. విరేచనములును జ్వరములును సైనికులను కబళించెను. శత్రువు కత్తి దూయకమునుపే ఆ దేశపు దూరమే కత్తియై నఱకుచుండెను.

ఆగస్టు 3వ తేదీన స్మొలెన్‌స్క్ నగరమున రెండు రష్యన్ సేనలును కలిసెను. వానిని విడదీయవలెనని నెపోలియన్ చేసిన ఆఱువారముల ప్రయత్నము విఫలమాయెను. సైనికదృష్టితో చూచినచో ఇది మహావిజయము. కాని రష్యన్ శిబిరమున అప్పుడే అసలైన కలహము మొదలాయెను. బాగ్రేషన్ జార్జియా రాజవంశమున పుట్టిన వీరుడు, మహాసేనాని సువోరోవ్ శిష్యుడు, సైనికుల ప్రాణము. పదవీక్రమమున బార్క్లే కంటె ముందువాడు. అయినను యుద్ధశాఖామాత్యుడను గౌరవముచేత బార్క్లే క్రింద పనిచేయుటకు అంగీకరించెను. అంగీకరించెనే కాని, వెనుకంజ వేయుట యను మాట విన్నంతనే అతని రక్తము ఉడికిపోవుచుండెను. చక్రవర్తి తమ్ముడైన కాన్‌స్టాంటిన్ రాజకుమారుడు బహిరంగముగ నిందించుచుండెను. బార్క్లేకు ప్రధాన కార్యదర్శియైన యెర్మొలోవ్ అతనికి తెలియకుండ చక్రవర్తికి లేఖలు వ్రాయుచుండెను. స్మొలెన్‌స్క్ ప్రాకారములచెంత 16, 17 తేదీలలో భీకరమైన పోరాటము జరిగెను; ఫ్రెంచివారు వేలకొలది నేలకూలిరి; నగరము మంటలలో మునిగెను. ఆ రాత్రి బార్క్లే నగరమును విడువుమని ఆజ్ఞాపించినప్పుడు సేనాపతులు ఆగ్రహముతో అతని చుట్టు మూగిరి. అతడు ఆజ్ఞను మార్చలేదు. మార్చియుండినచో నెపోలియన్ నగరము నానుకొనియున్న నదిని ఎగువను దాటి మాస్కో మార్గమును తెంచి, రష్యాకుగల ఏకైక మహాసైన్యమును ఆ దగ్ధనగరముననే సమాధి చేసియుండును.

దేశ మాతనిని క్షమింపలేదు. గ్రామములు మండుచుండెను, దేవాలయములు శత్రువుల గుఱ్ఱపుసాలలగుచుండెను. ప్రజ తన దుఃఖమునకు ఒక దోషిని వెదకుకొనెను. పేరు పరదేశపు పేరు, మతము పరమతము, పలుకునందు జర్మను యాస, ముఖమున చిఱునవ్వు లేదు; ఇంతకంటె తేలికగ దోషి యెచ్చట దొరకును? శత్రువునకు అమ్ముడుపోయెనని రాజధానిలో గుసగుసలు బయలుదేరెను. అతని ఆలోచనను బహిరంగముగ ప్రకటించి సమర్థించుకొనుటకు వీలులేదు. ఏలయన, దేశమును శత్రువునకు వదలుచు పోవుటయే మా యుద్ధతంత్రమని ఏ సేనాధిపతియు ప్రజతో చెప్పజాలడు. చెప్పినచో శత్రువునకును చెప్పినట్లే యగును. అతని మౌనము స్వభావము మాత్రమే కాదు, కర్తవ్యము కూడ. ఈ విషయమున నాకు అతనిపై గల గౌరవము అపారము.

లోకాభిప్రాయమునకు లొంగి చక్రవర్తి ఆగస్టు 20న వృద్ధసేనాని కుటూజోవ్‌ను సర్వసేనాధిపతిగ నియమించెను. కుటూజోవ్ వచ్చుసరికి బార్క్లే త్సారెవో-జైమిష్చె అనుచోట యుద్ధమునకు తానే స్థలము నెన్నుకొని సిద్ధపడుచుండెను. కొత్త సేనాధిపతి ఆ స్థలమును చూచి, మెచ్చుకొని, అచ్చట నిలువక మఱల వెనుకకే సైన్యమును నడిపించెను. నిన్నటి దినము బార్క్లే చేసినప్పుడు ద్రోహమనిపించినది, నేడు కుటూజోవ్ చేసినప్పుడు వివేకమనిపించెను. రష్యన్ నామధేయము, సువోరోవ్ సహచర్యము, సైనికులతో చనువుగ మాటలాడు నేర్పు గల వృద్ధుని కా యవకాశము లభించుట రష్యాకు మేలే చేసెను. కుటూజోవ్ ఘనత నెవ్వరును కాదనజాలరు. కాని అతడు నడచినది బార్క్లే వేసిన బాటయే.

సెప్టెంబరు 7వ తేదీన బొరొడినో గ్రామమునొద్ద మహాసంగ్రామము జరిగెను. నీమెన్ దాటినప్పుడు లక్షలసంఖ్యనున్న సేనలో అప్పటికి నెపోలియన్ వెంట నిలిచినవారు సుమారు 1,30,000 మాత్రమే. బార్క్లే వెనుకంజ సాధించిన దేమో ఈ యంకె చెప్పుచున్నది. ఆనాడు బార్క్లే రష్యన్ సేన కుడిపార్శ్వమును మధ్యభాగమును నడిపించెను. బిరుదుపతకములన్నియు ధరించి, సంపూర్ణ సైనికవేషముతో, ఫిరంగిగుండ్లు వడగండ్లవలె కురియుచోటనే అతడు రోజంతయు నిలిచెను. గుఱ్ఱములు ఒకదాని వెనుక నొకటి అతని క్రింద కూలెను. సహాయాధికారులలో పలువురు హతులో క్షతగాత్రులో అయిరి. రయేవ్‌స్కీ దిబ్బ శత్రువుల వశమైన తరువాత జరిగిన అశ్వయుద్ధమున అతడే స్వయముగ కత్తి దూసెను. అవమానభారమును మృత్యువుతో తీర్చుకొనవలెనని అతడు కోరుకొనెనని చూచినవారందఱు తలచిరి. తరువాత చక్రవర్తికి వ్రాసిన లేఖలో అతడును ఆ మాటనే సూచించెను. మృత్యువు మాత్రము అతనిని విడిచి బాగ్రేషన్‌ను వరించెను. గాయపడి మోసికొనిపోబడుచున్న బాగ్రేషన్, సైన్యము యొక్క రక్షణ యిక బార్క్లేపైననే యున్నదని అతనికి వార్త పంపెనట. సైనికులు ఆనాడు బార్క్లేను చూచి జయధ్వానములు చేసిరి. నిన్నటివఱకు మోము త్రిప్పుకొనినవారి నోటినుండి వచ్చిన ఆ ధ్వనికి ఏ బిరుదమును సాటిరాదు.

ఆఱు దినముల తరువాత మాస్కో పొలిమేరయందలి ఫీలీ గ్రామమున ఒక రైతు గుడిసెలో సేనాపతుల సభ జరిగెను. మాస్కో కొఱకు మఱల యుద్ధము చేయుటయా, విడుచుటయా యను ప్రశ్న వచ్చెను. పవిత్రనగరమును విడువుమని మొదట చెప్పుటకు సాహసించినవాడు బార్క్లేయే. నగరము పోయినను సైన్యము నిలిచినచో దేశము నిలుచుననియు, సైన్యము పోయినచో నగరమును దేశమును రెండును పోవుననియు అతడు వాదించెను. కుటూజోవ్ దాని ననుసరించియే నిర్ణయము చేసెను. మఱునాడు వీథులగుండ సైన్యము నడచిపోవునప్పుడు దళములు చెదరకుండ, మధుశాలల పాలుగాకుండ, గుఱ్ఱముపైనుండి దిగక పర్యవేక్షించినవాడును అతడే. తరూతినో శిబిరమును చేరిన పిమ్మట, కుటూజోవ్ కార్యాలయమునుండి తన దళములకు తనకు తెలియకుండగనే ఆజ్ఞలు పోవుచుండుటచేతను, ఆరోగ్యము చెడుటచేతను అతడు సెలవు గైకొని సైన్యమును విడిచెను. తాను అప్పగించిన సైన్యము చక్కని వస్త్రములతో ఆయుధములతో, చెదరని ధైర్యముతో నున్నదనియే విడిపోవునప్పుడు అతడు చెప్పుకొన్న తృప్తి. కలూగా పట్టణమున జనులు అతని బండిని గుర్తించి, ద్రోహియని కేకలువేసి రాళ్లు రువ్విరి. ఆ రాళ్లు పడుచున్న రోజులలోనే మాస్కోలో నెపోలియన్ చిక్కుపడి, బార్క్లే రచించిన ఉచ్చు బిగిసికొనుచుండెను.

చరిత్ర అతని విషయమున అంతటితో ఆగకుండుట మన యదృష్టము. 1813 ఆరంభమున చక్రవర్తి అతనిని మఱల పిలిపించెను. ఏప్రిలులో తోర్న్ దుర్గమును అతడు వశపఱచుకొనెను. అదే నెలలో కుటూజోవ్ మరణించెను. తరువాత సేనాధిపత్యము వహించిన విట్గెన్‌స్టైన్ బాట్సెన్ యుద్ధానంతరము తప్పుకొనగా, సుమారు ఎనిమిది నెలల క్రిందట రాళ్లదెబ్బలు తిన్నవానికే రష్యన్ సర్వసేనాధిపత్యము లభించెను. ఆగస్టు 29, 30 తేదీలలో బొహీమియా కొండలనడుమ కుల్మ్ అనుచోట ఫ్రెంచి సేనాపతి వాండమ్‌ను సైన్యముతోపాటు చుట్టుముట్టి బందీని చేయగా, రెండవనాటి యుద్ధమును నడపిన బార్క్లేకు సెంట్ జార్జి పతకముయొక్క ప్రథమశ్రేణి లభించెను. ఆ పతకపు నాలుగు శ్రేణులను పొందినవారు రష్యాచరిత్రమంతటిలో నలుగురే. వారిలో కుటూజోవ్ ఒకడు, బార్క్లే యొకడు. అక్టోబరులో లైప్‌జిగ్ మహాసంగ్రామమున పోరాడి, 1814 మార్చి 31న మిత్రసేనలు పారిస్‌లో ప్రవేశించునాటికి అతడు ఫీల్డ్ మార్షల్ అయ్యెను. 1815లో వెర్ట్యూ మైదానమున లక్షన్నర రష్యన్ సేన యూరపు రాజుల యెదుట కవాతు చేసినప్పుడు దానిని నడిపించినవాడు అతడే. అప్పుడు లభించిన రాజకుమారబిరుదమునకు తగిన చిహ్నఫలకముపై అతడు చెక్కించుకొన్న వాక్యము విశ్వాసము, సహనము అను రెండు మాటలే.

1818 మే 26వ తేదీన, చికిత్సకై బొహీమియా ఉష్ణజలస్థానములకు పోవుచు, త్రోవలో ప్రష్యాదేశపు ఇన్‌స్టెర్‌బుర్గ్ సమీపమున అతడు కన్నుమూసెను. భార్య అతని దేహమును నేటి ఎస్తోనియాలోని స్వగ్రామమునకు తెప్పించి, అచ్చట చక్కని సమాధిమందిరమును కట్టించెను. 1837లో సెంట్ పీటర్స్‌బర్గులో కజాన్ దేవాలయము నెదుట కుటూజోవ్ విగ్రహమునకు జతగ బార్క్లే విగ్రహమును నిలిపిరి. అంతకు ముందే, శీతసౌధ మను రాజప్రాసాదమునందలి వీరచిత్రశాలలో జార్జి డా చిత్రించిన బార్క్లే పటమును చూచి పుష్కిన్ మహాకవి 1835లో ఒక కావ్యఖండమును రచించి, ప్రజ గుర్తింపని త్యాగమును స్మరించెను. దానిపై కుటూజోవ్ బంధువు ఆక్షేపింపగా కవి సమాధానమును గూడ ప్రకటింపవలసివచ్చెను. టాల్‌స్టాయ్ రచించిన యుద్ధము–శాంతి నవల తెలుగువారికి అపరిచితము కాదు. అందు కుటూజోవ్ మూర్తి యెంత సజీవముగ నిలిచినదో, బార్క్లే మూర్తి యంత దూరముగ, చల్లగ నుండిపోయినది. మహారచయిత దృష్టి ప్రజాహృదయముపై నుండుటచే, ఆ హృదయమున చోటుదొరకనివానికి నవలలోను చోటు దొరకలేదు.

మన పూర్వులు ఈ ధర్మమును ఎఱుగనివారు కారు. కౌటిల్యుడు రాజనీతియందు యుద్ధమును మాత్రమే చెప్పి ఊరకుండలేదు. సంధి, విగ్రహము, ఆసనము, యానము, సంశ్రయము, ద్వైధీభావము అను ఆఱు గుణములను సమయానుకూలముగ ప్రయోగింపుమని విధించెను. జరాసంధుని పదునేడు పర్యాయము లోడించిన శ్రీకృష్ణుడే, పదునెనిమిదవమాఱు ప్రజారక్షణార్థమై మథురను విడిచి ద్వారకకు తరలెనని భాగవతము చెప్పుచున్నది. భగవంతునికి గనుక ఆ వెనుకంజ లీల యాయెను. మానవుడైన సేనానికి అదియే అపనింద యగును. ఆ యపనిందను ముందుగ నెఱిగియు స్వీకరించుటయందే బార్క్లే మహత్త్వమున్నది. కుటూజోవ్ కీర్తిని తగ్గించి బార్క్లే కీర్తిని పెంచవలసిన పనిలేదు. ప్రజావిశ్వాసము నొకడు, సైన్యము నింకొకడు కాపాడిరి. కాని తీర్పు చెప్పవలసివచ్చినచో ఇట్లు చెప్పవలెను: 1814లో పారిస్ వీథులలో నడచిన రష్యన్ సేన, వితెబ్‌స్క్ మైదానమునందును స్మొలెన్‌స్క్ ప్రాకారములచెంతను బార్క్లే వ్యర్థముగ బలిపెట్టుటకు నిరాకరించిన సేనయే. దేశమునకు అతడు చేసిన సేవలలో ఇంతకంటె గొప్పది వేఱొకటి లేదు.